పంపు వయసెంత? నగర యంత్రాల మార్పిడికి డబ్బు దాచుకోవడం గురించి

(నెల్లూరులో కార్పొరేటర్లు, కాలనీ సంఘాల వాళ్లు, మున్సిపల్ ఇంజినీర్లు కలిసి కూర్చున్న ఒక సభలో, మున్సిపల్ ఇంజినీరింగ్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మాట్లాడిన మాటలివి. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. మైకు వినబడుతోందా? వెనక వరసకి? సరే.

నన్ను యంత్రాల గురించి మాట్లాడమన్నారు. బడ్జెట్ గురించి కూడా మాట్లాడమన్నారు. ఈ రెండూ కలిపితే సభలో సగం మంది నిద్రపోతారని నాకు తెలుసు, అదీ భోజనాల తర్వాత. అందుకని ముందు ఒక వాన రాత్రి సంగతి చెప్తాను.

నేను పనిచేసిన ఊళ్లలో ఒక ఊరు. పేరు చెప్పను, అక్కడి వాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే వాళ్లకు తెలిసిపోతుంది. నవంబరు నెల. వాయుగుండం. పొద్దున మొదలైన వాన రాత్రి పదకొండైనా ఆగలేదు. రైల్వే లైను కింద ఒక దారి ఉంది, అందులో నడుము లోతు నీళ్లు. అవతల ఆసుపత్రి, ఇవతల ఊరు. పంపు ఉందా? ఉంది. డీజిలు ఉందా? ఉంది. మనుషులు ఉన్నారా? ఉన్నారు, తడిసి ముద్దయి ఉన్నారు. పంపు మాత్రం స్టార్ట్ కాదు. హ్యాండిల్ తిప్పుతారు, దగ్గుతుంది, ఆగిపోతుంది. మళ్లీ తిప్పుతారు, మళ్లీ దగ్గుతుంది. మూడు గంటలు ఇదే పని. ఆఖరికి ఒక రొయ్యల రైతు దగ్గరికి మనిషిని పంపి, ఆయన గుంట మీద ఉన్న ఇంజిను అద్దెకు తెచ్చి నీళ్లు తోడాం. ఆయన అద్దె కూడా తీసుకోలేదు, అది వేరే సంగతి.

తెల్లారి కమిషనరు గారు వచ్చారు. ఒకటే ప్రశ్న అడిగారు. "ఈ పంపు ఎప్పుడు కొన్నారు?" ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, నా వైపు చూశాడు. నేను ఫిట్టరు వైపు చూశాను. ఫిట్టరు ఆకాశం వైపు చూశాడు. ఎవరికీ తెలియదు. రిజిస్టరులో "డీజిలు పంపుసెట్టు, 1" అని ఉంది. అంతే.

ఇంజిను మీద కంపెనీ వాళ్లు బిగించిన ప్లేటు ఉంటుంది కదా, తయారైన సంవత్సరం అందులో ఉంటుంది. ప్లేటు ఎక్కడుందో కనబడలేదు. ఎందుకంటే ఏటా ఇన్‌స్పెక్షనుకు ముందు మనవాళ్లు దానికి ఒక కోటు ఆకుపచ్చ పెయింటు వేస్తారు. పెయింటు మీద పెయింటు, పెయింటు మీద పెయింటు. ఫిట్టరు బ్లేడు తెచ్చి గీకితే అప్పుడు బయటపడింది. 1988. అంటే ఇరవై ఏడేళ్ల పంపు. ఆ ఏడు పుట్టిన మా అమ్మాయి అప్పటికి ఒక బిడ్డ తల్లి.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? పంపుదా? పాపం అది ఇరవై ఏడేళ్లు చేసింది. ఫిట్టరుదా? లేని స్పేర్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ పంపు ఒకరోజు చచ్చిపోతుందని కొన్న రోజే తెలుసు. తెలిసినా, ఆ రోజు కోసం ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఇదే. మిగతావి దీనికి లెక్కలు.

మన నెల్లూరు సంగతికొద్దాం. మనకు వాన ఎప్పుడు? తెలంగాణ వాళ్లకు, గోదావరి వాళ్లకు జూన్ నుంచి. మనకు? ఈశాన్య రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు. 2015లో ఊరు మునిగింది నవంబరులో. 2021లో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట, హైవే దెబ్బతిన్నది నవంబరులో. 2023లో మిచౌంగ్ తుఫాను డిసెంబరు మొదటి వారం. మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి, ఆత్మకూరు బస్టాండ్ దగ్గరది, రామలింగాపురం అండర్ బ్రిడ్జి... నవ్వుతున్నారు మీరు. నేను చెప్పక్కర్లేదు, స్కూటర్ ఆగిపోయి తోసుకుంటూ వచ్చిన వాళ్లు ఇక్కడే చాలామంది ఉంటారు.

మరి మన ఆర్థిక సంవత్సరం ఎప్పుడు మొదలు? ఏప్రిల్ ఒకటి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో స్పెసిఫికేషన్ రాయాలి, ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లోనో టెండరులోనో పెట్టాలి, రేటు ఖాయం చేయాలి, స్టాండింగ్ కమిటీ, కౌన్సిల్, వర్క్ ఆర్డరు, కంపెనీ వాడు తయారుచేసి పంపడం, రిజిస్ట్రేషను, డ్రైవరుకు నేర్పడం. సరిగ్గా సరిపోతుంది. ఒక్కచోట ఫైలు ఆగిందా, అక్టోబరు దాటిపోతుంది. కాబట్టి అక్టోబరుకు యంత్రం కావాలంటే మార్చిలోపు బడ్జెట్లో దాని పేరు ఉండాలి. మార్చిలో ఉండాలంటే డిసెంబరులోనే, కాళ్లు ఇంకా నీళ్లలో ఉండగానే, ఇండెంటు, అంటే ఫలానాది కావాలని అడిగే కాగితం, రాయాలి. మనం ఎప్పుడు రాస్తాం? తర్వాతి ఆగస్టులో, రివ్యూ మీటింగు పెట్టాక. ఆగస్టులో రాసింది ఆ అక్టోబరుకు రాదు. ఆపై అక్టోబరుకు వస్తే అదృష్టం.

రొట్టెల పండగ చూడండి. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు లక్షల మంది వస్తారు. మొహర్రం చాంద్రమానం కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఏ తేదీకి వస్తుందో ముందే తెలుసు. కాబట్టి ఏం చేస్తాం? పక్క మున్సిపాలిటీల నుంచి మనుషుల్ని రప్పిస్తాం, ట్యాంకర్లు పెడతాం, షెడ్లు వేస్తాం. పండక్కి ముందే ఏర్పాటు చేసుకోవడం మనకు బాగా వచ్చు. ఏ లారీ ఏ ఏడు మూలన పడుతుందో కూడా అంత కచ్చితంగానే తెలుసు. దానికెందుకు చేసుకోం?

తెలుసంటే ఎలా తెలుసు అంటారా? ఇప్పుడు చట్టమే చెప్తోంది. 2023 జనవరిలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో మార్పు తెచ్చింది, ఆ ఏప్రిల్ ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ వాహనానికి, అందులో మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల వాహనాలు కూడా కలిపి, పదిహేనేళ్లు దాటితే రిజిస్ట్రేషను ఉండదు. రెన్యువల్ లేదు. రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రానికి పంపాల్సిందే. చాలామంది దీన్ని శిక్ష అనుకున్నారు. నాకైతే ఇది వరం. ఎందుకంటే ఇప్పుడు ప్రతి ఆర్సీ మీద ఆ బండి చావు తేదీ రాసి ఉన్నట్టే. 2014లో కొన్న టిప్పరు 2029లో పోతుంది. కౌన్సిల్ మారినా, కమిషనరు మారినా పోతుంది. ఒక తెల్ల కాగితం తీసుకుని ఆర్సీలన్నీ ముందు పెట్టుకుంటే, ఏ ఏడు ఎన్ని పోతాయో ఒక పూటలో తేలిపోతుంది. ఒక్క పూట పని.

అయితే పదిహేనేళ్లు చట్టం పెట్టిన గడువు. యంత్రం పెట్టుకున్న గడువు వేరే. చెత్త మోసే బండి అంతదాకా రాదు. ఎందుకు? చెత్తలో నీళ్లుంటాయి, ఆ నీళ్లు ఇనుమును తినేస్తాయి. ఇంజిను బాగానే ఉంటుంది, వెనక తొట్టి అడుగు మాత్రం జల్లెడవుతుంది. చెత్తను అదిమే కంపాక్టరులో ఇంజిను కంటే ముందు హైడ్రాలిక్ సిలిండర్లు, సీళ్లు పోతాయి. జేసీబీకి ఏళ్లు చూడకూడదు, గంటలు చూడాలి, అవర్ మీటరు. మన సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. కొత్తగా వస్తున్న ఎలక్ట్రిక్ ఆటోలకు బ్యాటరీ వయసు చూసుకోవాలి, బండి వయసు కాదు.

ఇక పంపులు, జనరేటర్లు, ఫాగింగ్ మిషన్లు, చెట్లు కోసే రంపాలు... వీటికి ఆర్సీ లేదు. అంటే వీటి చావు తేదీ ఎవరూ రాయరు. మనమే రాసుకోవాలి. అందుకే ఆ పంపు ఇరవై ఏడేళ్లు బతికింది. బతకడం కాదులెండి, ఉండిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. "పాతదే అయినా నడుస్తోంది కదండీ, ఎందుకు మార్చాలి?" ఇది నేను సర్వీసులో వందసార్లు విన్న మాట. పాత యంత్రం ఖర్చు తక్కువగా కనబడుతుంది. ఎందుకు కనబడుతుందో చెప్తాను. దాని ఖర్చు ఒకచోట ఉండదు. మరమ్మతు బిల్లు ఒక ఫైలులో ఉంటుంది. అది షెడ్డులో ఉన్న రోజులకు తెచ్చిన అద్దె బండి బిల్లు ఇంకో ఫైలులో, ఇంకో పద్దు కింద ఉంటుంది. ఆలస్యమైనందుకు రెండో ట్రిప్పు, దాని డీజిలు, అది మూడో ఫైలు. ముగ్గురు గుమాస్తాలు, మూడు బీరువాలు. ఈ మూడింటినీ కలిపి చూసే మనిషి ఆఫీసులో ఎవరూ లేరు.

నేను ఒకసారి కలిపాను. సర్వీసు చివర్లో, కొంచెం తీరిక దొరికినప్పుడు. ఒక ట్రాక్టరు, దాని ట్రైలరు, మూడేళ్ల లాగ్‌బుక్, వర్క్‌షాపు బిల్లులు, అద్దె వోచర్లు. రెండు రాత్రులు కూర్చున్నాను. మూడేళ్లలో దాని మీద పెట్టిన డబ్బుతో కొత్త ట్రాక్టరే వచ్చి ఉండేది. ఆ కాగితం పట్టుకుని పైకి వెళ్తే ఏమన్నారో తెలుసా? "మరమ్మతు రోజువారీ రెవెన్యూ ఖర్చు అయ్యా, కొత్త బండి క్యాపిటల్ ఖర్చు. రెండూ కలపకూడదు." ఏం చెప్పాలి? అకౌంట్ల పుస్తకంలో కలపకూడదు, నిజమే. బుర్రలో కలపవచ్చు కదా!

మన రైతును చూసి నేర్చుకోవచ్చు. ఎద్దుల సేద్యం రోజుల్లో, ఇంట్లో అరక దున్నే జత ఉండగానే కొట్టంలో ఒక కోడెదూడ పెరుగుతుండేది. ఎద్దు కుంటుబడ్డాక సంతకు పరిగెత్తితే ఏమవుతుంది? వాడు చెప్పిందే రేటు. ఇప్పుడు రొయ్యల రైతును చూడండి. రాత్రి రెండింటికి నీళ్లలో గాలి కలిపే ఏరియేటరు ఆగితే తెల్లారేసరికి గుంటలో రొయ్యలన్నీ చచ్చిపోతాయి. అందుకే ఆయన దగ్గర స్పేరు మోటారు ఉంటుంది, జనరేటరు ఉంటుంది, వాటి మీద పెట్టిన డబ్బు దండగ అని ఎప్పుడూ అనుకోడు. ఆ రాత్రి మమ్మల్ని కాపాడింది కూడా ఆ స్పేరు ఇంజినే కదా.

సరే, డబ్బు ఎంత దాచాలి? ఒక్క లెక్క చెప్తాను, భయపడకండి. ముప్పై లక్షలు పెట్టి ఒక యంత్రం కొన్నాం అనుకుందాం. పదేళ్లు నడుస్తుంది అనుకుందాం. ఏడాదికి మూడు లక్షలు దాస్తే సరిపోతుందా? సరిపోతుంది అంటున్నారు అక్కడ. సరిపోదు బాబూ. పదేళ్ల తర్వాత దాని ధర ముప్పై ఉండదు. ఏటా ఆరు శాతం పెరిగిందనుకోండి, పదేళ్లకు దాదాపు యాభై నాలుగు లక్షలు అవుతుంది. బ్యాంకులో కూడా ఆరు శాతం వడ్డీ వస్తుందనుకుంటే, ఆ యాభై నాలుగు చేరడానికి ఏటా నాలుగు లక్షల పది వేల దాకా వేయాలి. మూడు కాదు, నాలుగు పైన. పాతదాన్ని వేలంలో అమ్మితే వచ్చేది కొంత తీసేయండి.

ఇక్కడ అకౌంట్స్ వాళ్లు ఉంటే అడుగుతారు, "మేము తరుగుదల రాస్తున్నాం కదండీ" అని. తరుగుదల అంటే యంత్రం పాతబడే కొద్దీ ఏటా తగ్గే విలువ. 2004లో జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ వచ్చాక జంట పద్దు విధానం వచ్చింది, తరుగుదల రాస్తున్నారు. మంచిదే. కానీ ఆ తరుగుదల కొన్న ధర మీద రాస్తారు, కొనబోయే ధర మీద కాదు. ఇంకో మాట, ఇది దానికంటే ముఖ్యం. తరుగుదల రాసినంత మాత్రాన బీరువాలో రూపాయి చేరదు. అది పుస్తకంలో అంకె. దానికి సరిపడా డబ్బు వేరే బ్యాంకు ఖాతాలో పడితేనే అది నిధి.

అమెరికాలో చాలా నగరాలు ఏం చేస్తాయంటే, యంత్రాలన్నీ ఒక ఫ్లీట్ విభాగం కింద ఉంటాయి. రోడ్ల శాఖ, నీటి శాఖ, పార్కుల శాఖ, ఎవరు వాడుకుంటే వాళ్లు తమ బడ్జెట్ నుంచి ఆ విభాగానికి అద్దె కడతారు. ఆ అద్దెలో మరమ్మతు ఉంటుంది, రేపటి కొత్త బండికి దాచే వంతు కూడా ఉంటుంది. యంత్రం వయసుకు ఇన్ని మార్కులు, నడిచిన దానికి ఇన్ని, మరమ్మతు ఖర్చుకు ఇన్ని అని వేసి, ఎక్కువ మార్కులు వచ్చినదాన్ని ముందు మారుస్తారు. మా వార్డు బండి ముందు, మీ వార్డు బండి తర్వాత అనే గొడవ తగ్గుతుంది. అదంతా ఇక్కడ పెట్టమని నేను అనడం లేదు. మార్కుల పద్ధతి ఒక్కటి పెట్టుకోవచ్చు. ఒక నోటుపుస్తకం చాలు.

ఇంకొక చిక్కు. మనం యంత్రాలు ఎప్పుడు కొంటాం? గ్రాంటు వచ్చినప్పుడు. గ్రాంటు వస్తే ఒకేసారి ఇరవై బండ్లు వస్తాయి. స్టేడియంలో వరసగా నిలబెడతారు, జెండా ఊపుతారు, ఫొటో బాగుంటుంది. ఆ ఇరవై బండ్లు ఒకే ఏడు ముసలివవుతాయి. ఒకే ఏడు ఇరవై మార్చాలంటే ఏ కార్పొరేషను వల్ల అవుతుంది? చేతిలో అరవై యంత్రాలు ఉండి, ఒక్కోటి సగటున పదేళ్లు పనిచేస్తుంది అనుకుంటే, ఏటా ఆరు మార్చాలి. ఆరు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒక ఏడు మానేస్తే మరుసటి ఏడు పన్నెండు. రెండేళ్లు మానేస్తే పద్దెనిమిది. ఆరు బండ్లకు జెండా ఊపడానికి ఎవరూ రారు, అదొక్కటే ఇబ్బంది. కార్పొరేటరు గారు తల ఊపుతున్నారు.

గ్రాంటు వద్దని కాదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు మనలాంటి పది లక్షల లోపు నగరాలకు ఇచ్చిన దానిలో అరవై శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది, నలభై శాతం స్థానిక అవసరాలకు వదిలింది, జీతాలకు మాత్రం వాడకూడదంది. అలాంటి డబ్బు వస్తే కొనండి. కానీ కొన్న మర్నాడే, దాని తర్వాతి బండి కోసం సాధారణ నిధి నుంచి మొదటి వాయిదా పడాలి. గ్రాంటు బండి ఇస్తుంది, దాని వారసుణ్ణి ఇవ్వదు.

ఇక దాచిన డబ్బు దాచినట్టే ఉంటుందా? ఇది పెద్ద ప్రశ్న. నేనొక చోట చూశాను. మూడేళ్లు కష్టపడి యంత్రాల మార్పిడికని ఒక ఖాతాలో డబ్బు వేశారు. నాలుగో ఏడు ఔట్‌సోర్సింగ్ వాళ్ల జీతాలకు ఇబ్బంది వచ్చింది. పండగ నెల. "ఇందులోంచి తీద్దాం, వచ్చే నెల తిరిగి వేద్దాం" అన్నారు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను, జీతం లేకుండా మనిషి పని ఎలా చేస్తాడు? కానీ తాళం ఉంటే ఆ డబ్బు వైపు చూపు పోయేది కాదు. అందుకే కౌన్సిల్ తీర్మానంలోనే రాయాలి. ఈ ఖాతాలోంచి యంత్రం కొనడానికి తప్ప తీయకూడదు, తీయాలంటే మళ్లీ కౌన్సిల్లో పేరు పేరునా ఓటు వేయాలి అని. పేరు పేరునా అంటే ఎవరు చేతులెత్తారో పేపర్లో వస్తుంది. సగం తాళం అదే.

అమ్మా, మీరు చేయెత్తారు. చెప్పండి... సొంతంగా కొనడం ఎందుకు, అద్దెకు తీసుకోవచ్చు కదా అంటున్నారు. మంచి ప్రశ్న. కొన్ని తీసుకోవచ్చు. ఏడాదికి నలభై రోజులు వాడే యంత్రం కొనడం దండగ. రోడ్డు రోలరు కాంట్రాక్టరే తెచ్చుకుంటాడు. కానీ తుఫాను రోజు జేసీబీ అద్దెకు దొరుకుతుందా? ఆ రోజు రొయ్యల గుంటల గట్లకు కావాలి, ఇసుక బస్తాలకు కావాలి, ఇరిగేషను వాళ్లకు కావాలి, అందరికీ ఒకే రోజు కావాలి. అందరికీ ఒకే రోజు కావలసినవి సొంతంగా ఉండాలి. పంపులు, చెట్లు కోసే రంపాలు, జనరేటర్లు. మిగతావి లెక్క వేసుకుని అద్దెకు పోవచ్చు.

ఒక యంత్రం విషయంలో మాత్రం నేను లెక్క చూడను. డ్రైనేజీ శుభ్రం చేసే జెట్టింగ్ మిషను. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మనిషిని రక్షణ లేకుండా మ్యాన్‌హోల్లోకి దించడం నేరం. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని పది లక్షల నుంచి ముప్పై లక్షలకు పెంచింది. ఇప్పుడు ఊహించుకోండి. జెట్టింగ్ మిషను హోసు పైపు పగిలి షెడ్డులో ఉంది. కొత్త పైపుకు కొటేషన్లు పిలవాలి, మూడు రావాలి, రెండే వచ్చాయి, మళ్లీ పిలవాలి. ఈలోగా ఒక వీధిలో మురుగు ఇళ్లలోకి వస్తోంది. ఫోన్ల మీద ఫోన్లు. ఎవరో ఒకరు అంటారు, "ఒక్కసారి దిగి కర్ర పెట్టి పొడవరా" అని. ఎవరంటారో నాకు తెలియదు, ఆర్డరు కాగితం మీద ఉండదు. దిగే వాడి పేరు కూడా ఏ కాగితం మీదా ఉండదు. అందుకని జెట్టింగ్ మిషను ఒకటి కాదు, రెండు ఉండాలి. హోసు స్పేరు షెడ్డులో ఉండాలి. దీనికి డబ్బు లేదని ఏ కౌన్సిల్ అన్నా నేను ఒప్పుకోను.

చివరగా పాతవాటి సంగతి. కండెమ్ చేయడానికి, అంటే ఇక పనికిరాదని రాసి తీసేయడానికి, మనకు చేతులు రావు. కండెమ్ చేస్తే ఆడిట్ అడుగుతుందని భయం, ఉంచుకుంటే ఎవరూ అడగరని ధైర్యం. ప్రతి మున్సిపల్ షెడ్డు వెనకా ఒక శ్మశానం ఉంటుంది, తుమ్మచెట్లు మొలిచిన లారీలు. కమిటీ వేసి, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలో పెట్టి, వచ్చిన డబ్బు అదే ఖాతాలో వేయండి. ఎండకు వానకు తుప్పు పట్టే కొద్దీ రేటు పడిపోతుంది, అది మన డబ్బే.

కాలనీ సంఘాల వాళ్లు ఒక పని చేయవచ్చు. బడ్జెట్ మీటింగుకు ముందు రోడ్లు, లైట్లు అడుగుతారు కదా, ఈసారి ఒక జాబితా అడగండి. యంత్రాలు ఎన్ని, ఏ ఏడు కొన్నవి, పోయిన ఏడు ఎన్ని రోజులు షెడ్డులో ఉన్నాయి. మూడే గడులు. ఇవ్వకపోతే సమాచార హక్కు ఉండనే ఉంది.

ఆ వెనక అబ్బాయి ఏదో అడుగుతున్నాడు. గట్టిగా... ఆ, ఆ 1988 పంపు ఏమైంది అంటున్నాడు. కొత్తది వచ్చింది నాయనా, రెండేళ్లకు వచ్చింది. పాతది ఏమైందో చూద్దామని పోయినేడు ఆ ఊరు వెళ్లినప్పుడు షెడ్డుకు వెళ్లాను. అక్కడే ఉంది. రిజిస్టరులో ఎదురుగా "స్టాండ్‌బై" అని రాశారు. ప్లేటు మీద మళ్లీ పెయింటు పడింది. ఈసారి నీలం రంగు.